ఎన్ని రకాల నీళ్ళో వదినా!

చెల్లాయిలూ, ఈసారి ముచ్చట కాస్త పొడుగు. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి వచ్చి కూర్చోండి.

మా తమ్ముడికి అనంతపురం పిల్లను చేసుకున్నాం. ఆ పిల్ల మొన్న డిసెంబరు ఆఖర్లో మొదటిసారి మా ఊరొచ్చింది. తమ్ముడికి సెలవు దొరకలేదు. దొరక్కపోతేనేం, బెంగళూరులో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక్కతే గుడివాడలో దిగింది. స్టేషను నుంచి నందివాడ దాకా కారద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళ మీద మంచు, మంచులో అక్కడక్కడా కొంగలు.

“వదినా, ఇదేనా కొల్లేరు?”

కారు నడుపుతున్న మావారికి నవ్వాగలేదు. “కాదమ్మా, ఇది చేపల చెరువు. ఆ పక్కదీ చేపల చెరువే. ఆ పక్కది రొయ్యల చెరువు. కొల్లేరు ఇంకా అవతలుంది,” అన్నారు.

నవ్వాను కానీ, తర్వాత ఆలోచిస్తే ఆ పిల్ల పొరపాటేమీ లేదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఇవన్నీ వరిచేలే. కోతలకు ముందే చేలో మినుములు చల్లేవాళ్ళు. వరి కోసేసరికి అడుగున మినప మొలక పచ్చగా ఉండేది. ఇప్పుడు అదే నేలలో బొచ్చె, శీలావతి పెరుగుతున్నాయి. ఐసులో పెట్టి లారీలకెత్తితే కలకత్తా, అస్సాం దాకా పోతాయి. మా వంటింట్లోకి మాత్రం ఆదివారం ఒక్క చేప వస్తే ఎక్కువ. లీజు డబ్బు వడ్లకన్నా ఖచ్చితమని మగవాళ్ళు లెక్క చెబుతారు. ఆ లెక్క తప్పని నేననను, ఆ డబ్బుతోనే పిల్లలు చదివారు. కానీ ఇంటి వెనక బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతాయి. ఆ లెక్క ఎవరూ రాయరు.

సాయంత్రం టీ తాగుతూ ఆ పిల్ల అడిగింది, “కొల్లేరు చూపించు వదినా. సముద్రం చూపించు. కృష్ణ సముద్రంలో కలిసే తావు ఉండాదంట కదా, అది చూపించు.”

చెప్పొద్దూ, నాకు నోటమాట రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను. కొల్లేరు బస్సు కిటికీలోంచి చూశాను. సముద్రం పిల్లలు చిన్నప్పుడు ఒకసారి. సాగరసంగమం అసలు చూడనే లేదు. మీరూ లెక్కేసుకోండి, మనకు తెలిసిన రోడ్లెన్ని? నాకు మూడు. గుడివాడ బజారు రోడ్డు, విజయవాడ ఆస్పత్రి రోడ్డు, పుట్టింటి రోడ్డు. మొక్కుంటే నాలుగోది. కారుంది, దాని తాళం మగవాళ్ళ జేబులో ఉంటుంది. నాకు డ్రైవింగు రాదు, నేర్పుతామని ఎవరూ అనలేదు, నేర్పమని నేనూ అడగలేదు.

ఆ రెండు రోజులూ మావారికి చెరువు పట్టుబడి, ఇల్లు కదలడానికి లేదు. “తాళం ఇయ్యి అన్నా, నేను తోలుతా,” అంది ఆ పిల్ల. అడగ్గానే ఇచ్చేశారు. ముప్పై ఏళ్ళలో నేనెందుకు అడగలేదో అప్పుడనిపించింది. వెనక సీట్లో మా అత్తగారు ఎక్కారు. ఆవిడ పుట్టిల్లు కోడూరు దగ్గర. “అన్నయ్య ఇంట్లో దించండి, మీరు తిరిగి రండి,” అన్నారు. ఒళ్ళో ఉడకబెట్టిన తేగల కట్ట. ఆ పిల్ల వాటిని చూసి ఇవేం కట్టెలని అడిగితే మా అత్తగారు చంటిపిల్లకు పెట్టినట్టు పీచు తీసి, చీల్చి, లోపలి ఈనె లాగేసి పెట్టారు. “అవ్వా, బాగుండాది,” అంది. ఆ ‘అవ్వా’కి మొదట ఆవిడ ముఖం కొంచెం చిన్నబోయింది. మనవైపు మామ్మ అంటాం కదా. పామర్రు దాటేసరికి అలవాటైపోయింది లెండి.

ముందురోజు సాయంత్రమే కైకలూరు మీదుగా ఆటపాక వెళ్ళొచ్చాం. అక్కడ గూడబాతులు ఇనప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయి. చెట్లు లేకపోతే మనుషులే కట్టించి పెట్టారు. ఆ ముక్కు కింద సంచీ చూసి ఆ పిల్ల “ఇది మా అమ్మ సంతకు పోయే సంచి మాదిరే ఉండాది,” అని ఒకటే నవ్వు. కొల్లేరును 1999లో అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో సరస్సు లోపలి చెరువు గట్లను పేల్చేశారు. అయినా సరస్సెక్కడ ఆగిందో చెరువెక్కడ మొదలైందో చూపు ఆనదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసిన నీళ్ళన్నీ అందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. పోయే దారి ఇరుకైతే వెనక్కి తన్నేది మా మీదికే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు ఆ తర్వాత మా మండలానికీ వచ్చింది. ఏది చెరువో ఏది రోడ్డో తెలియలేదు. వల లేకుండానే చేపలన్నీ వెళ్ళిపోయాయి.

ఇక కారెక్కిన రోజు సంగతి. గుడివాడ, పామర్రు దాటాం. నిమ్మకూరు అన్న బోర్డు చూసి ఆ పిల్ల బ్రేకు వేసింది, ఎన్టీఆర్ ఊరు కదా. “ఇదేముంది, మా రామాపురం నందివాడ మండలమే, అక్కినేని మా వాడు,” అని నేనూ ఊరుకోలేదు. ఘంటసాల గారు పుట్టిన చౌటపల్లీ గుడివాడ దగ్గరే. ఇక్కడి మట్టిలో ఏదో ఉందని మగవాళ్ళు మీసం తిప్పుతుంటారు కదా, ఆ మీసం కథే చెప్పాను. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణగారు ఎన్టీఆర్‌కి నాటకంలో ఆడవేషం ఇస్తే మీసం తియ్యనన్నాడట. మీసంతోనే నాగమ్మ వేషం వేశాడు. ‘మీసాల నాగమ్మ’ అన్నారు. మన అక్కినేనిది మరో దారి. నాటకాల్లో ఆడవేషాలు వేసే పైకొచ్చాడు. అప్పట్లో స్టేజీ మీదికి ఆడవాళ్ళు రావడం తక్కువ మరి.

కూచిపూడిలో దిగాక ఆ మాట ఇంకా ముదిరింది. ఊరు చూస్తే మామూలుగానే ఉంటుంది. బడ్డీకొట్లు, ఆటోలు, రామలింగేశ్వరుడి గుడి. సిద్ధేంద్రయోగి సత్యభామను ఇక్కడే ఆడించాడు. అలిగేది ఆడది, జడ విసిరేది ఆడది, ప్రవేశ దరువులో తానెవరో చెప్పుకునేది ఆడది. ఆడింది మాత్రం వందల ఏళ్ళపాటు మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ కడితే ఆడవాళ్ళే ఆయన్ని చూసి నడక నేర్చుకోవాలనిపించేదట. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు గజ్జెలు కట్టించారు. పక్కనే మొవ్వ. మువ్వగోపాలుడి మీద నాయికల అలకలన్నీ పదాలుగా కట్టిన క్షేత్రయ్యా మగవాడే.

“అంటే మీ కృష్ణాజిల్లాలో ఆడదాని మనసు రాసేదీ మగోళ్ళే, ఆడేదీ మగోళ్ళే. మరి ఆడోళ్ళేం చేస్తాంటిరి?” అంది మా మరదలు.

వెనక సీట్లోంచి మా అత్తగారు, “వడ్లు దంచాం,” అన్నారు.

ఘంటసాల అనే ఊరు మీదుగా పోతుంటే బౌద్ధుల స్తూపం, టాలెమీ రాసిన రేవు అని చెప్పబోయాను. ఎండెక్కుతోంది, దిగుతామన్నవాళ్ళు లేరు. శ్రీకాకుళం గుళ్ళో మాత్రం చాలాసేపున్నాం. సిక్కోలు కాదు సుమా, ఇది కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం, ఆంధ్ర మహావిష్ణువు ఉన్న ఊరు. రాయలవారు కళింగం మీదికి దండెత్తి పోతూ ఇక్కడ ఆగి, ఏకాదశి ఉపవాసం ఉండి నిద్రపోతే స్వామి కలలోకొచ్చి తెలుగులో కావ్యం రాయమన్నాడట. ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. అది విన్నాక ఆ పిల్లను పట్టతరం కాలేదు. రాయలవారి పెనుకొండ వాళ్ళ పక్క ఊరి లెక్క కదా. “చూస్తివా వదినా, మా తట్టు నుంచి మీ తట్టుకు మొదట వచ్చినోడికి కావ్యం దొరికింది. నాకేం దొరుకుతుందో చూడాల.”

దొరికిందేమంటే, రేవులో దిగి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుంది. “తియ్యగుండాయి.” అదేం అలవాటని కసిరాను. వాళ్ళ వైపు పెన్నలో నీళ్ళు పారడం తను పుట్టాక మూడుసార్లే చూసిందట. వాళ్ళ నాన్న పొలంలో ఆరు బోర్లు వేయిస్తే నాలుగింట్లో దుమ్మే వచ్చిందట. మనం నీళ్ళను చూసే చూపు వేరు, వాళ్ళు చూసే చూపు వేరు. ఆ పిల్ల దారంతా అదే పని పెట్టుకుంది, ఏ నీళ్ళు కనిపించినా వేలు ముంచి నాలిక మీద వేసుకోవడం. డ్రెయిను నీళ్ళ దగ్గర మాత్రం చెయ్యి పట్టి లాగేశాను.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి పాలు పోసి, పులిగడ్డ చేరాం. చెల్లాయిలూ, నేనిక్కడ చదువుకున్నదాన్నై ఉండీ సిగ్గుపడ్డాను. కింద కృష్ణ పాయ పోతోంది. దాని మీదుగా కాలువ దాటుతోంది. నీటి మీద నీరు! అక్విడక్టు అంటారు, బ్రిటిషువాళ్ళ నాటిది. నది పక్కనే ఉండగా నదిని దాటించి నీళ్ళు తీసుకుపోవడం ఎందుకని ఆ పిల్ల అడిగింది. నాకు తెలీదు. మా అత్తగారికి తెలుసు.

“పోటు వచ్చినప్పుడు సముద్రం పాయల్లోకి ఎదురొస్తుందే అమ్మాయ్. ఆ నీళ్ళు పెడితే వరి మాడిపోతుంది. విజయవాడ ఆనకట్ట దగ్గర పట్టిన నీళ్ళు కాలువలో వస్తాయి. అవి రావాలి, మా చేలు పండాలి.”

ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య మిగిలిన నేలే దివిసీమ. మూడు పక్కల నీళ్ళు, తాగేవీ పంటకు పెట్టేవీ మాత్రం పైనుంచి రావాలి. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇప్పుడైతే పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కూడా కృష్ణలో కలిసి వస్తున్నాయి. ఎంత దూరం నుంచి వచ్చి ఈ కాలువ చివర గట్టు మీద గేదె మూతి తడుపుతున్నాయో.

మధ్యాహ్నం అత్తగారి అన్నయ్యగారింట్లో పీతల పులుసు. ఆ పిల్ల పీతను చూసి ఎక్కడ పట్టుకోవాలో తెలీక కాసేపు కూర్చుంది. మా అత్తగారి వదినగారు డెక్క విరిచి, గుంజు తీసి కంచంలో పెట్టారు. తర్వాత సంగతి అడక్కండి, రెండోసారి వడ్డించారు. తిన్నాక హంసలదీవి బయలుదేరుతుంటే మా అత్తగారు ఉన్నట్టుండి, “నేనూ వస్తా,” అని కారెక్కారు.

మీకు చెప్పాల్సిన సంగతి ఇది. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. చచ్చిపోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే పదివేలు దాటారు. అప్పటికి మా అత్తగారికి ఇరవై రెండేళ్ళు, నందివాడలో బాలింత. వాళ్ళ మేనత్త కుటుంబం సముద్రం పక్క పల్లెలో ఉండేది. ఏడుగురిలో ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరూ తాటిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నారట. వదిలిపెట్టాక కూడా చేతులు వంకరగానే ఉండిపోయాయట కొన్నాళ్ళు. ఎన్టీఆర్, అక్కినేని జోలె పట్టి విరాళాలు పోగుచేశారని, దివిసీమ నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారు శవాల మధ్య రాత్రింబవళ్ళు తిరిగి పనిచేశారని ఇంట్లో వింటూనే ఉన్నాం. కానీ ఆవిడ అప్పటినుంచీ సముద్రం దగ్గరికి వెళ్ళలేదని నాకు ఆ రోజే తెలిసింది. ముప్పై ఏళ్ళు ఒకే వంటింట్లో ఉన్నాం. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

హంసలదీవిలో వేణుగోపాలస్వామిని చూసి, పాలకాయతిప్ప వైపు పోయాం. దారికి పక్కన మడ అడవులు. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి నిలబడి ఉంటాయి, గాలి పీల్చుకోడానికి. బురదలో వేరుకు ఊపిరాడదు కదా. ఈ అడవిలో చేపలు పట్టి తినే బావురుపిల్లి ఉంటుంది. మనకు కనిపిస్తుందా ఏమన్నా. జనవరి దాటితే సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లను ఏరి, పొదిగించి, పిల్లల్ని నీళ్ళలో వదులుతారు. ఉప్పెన అలను ముందుగా ఆపేవి ఈ మడలేనని ఇప్పుడందరూ అంటున్నారు.

ఇసుక దగ్గర కారాపింది ఆ పిల్ల. నేను దిగాను. మా అత్తగారు దిగలేదు. తలవంచుకుని తేగ పీచు తీస్తున్నారు.

“నీళ్ళెంత దూరంలో ఉన్నాయే?” అన్నారు తల ఎత్తకుండా.

“ఇక్కడికి అరఫర్లాంగు ఉంటాయత్తయ్యా.”

“ఇంకాస్త వెనక్కి పెట్టమను.”

మా మరదలు మారుమాట్లాడకుండా కారు వెనక్కి తీసింది. తుఫాను షెల్టరు కనబడేదాకా వెనక్కి తీసి, ముఖం ఊరివైపు తిప్పి ఆపింది. పొమ్మంటే పోవడానికి సిద్ధంగా. ఎవరు నేర్పారో ఆ పిల్లకి. మేమిద్దరం నడిచి వెళ్ళాం. కృష్ణ సముద్రంలో కలిసే చోట గీత గీసినట్టు ఏమీ ఉండదు చెల్లాయిలూ. కాస్త బూడిదరంగు, కాస్త ఆకుపచ్చ, నడుమ నురుగు. కాకి మునిగి హంసై లేచిందన్న కథ ఇక్కడిదే. ఆ పిల్ల వేలు ముంచి నాకింది. “ఉప్పు, తీపి రెండూ తెలుస్తాండాయి,” అంది. నేనూ వేలు ముంచాను. నాకు ఉప్పే తెలిసింది.

తిరిగొచ్చేసరికి మా అత్తగారు కారు దిగి, దానికి ఆనుకుని నిలబడి ఉన్నారు, సముద్రం వైపు వీపు పెట్టి. మా చేతుల్లో చెరో తేగ పెట్టారు. ఆ రాత్రి వాళ్ళ అన్నయ్యగారింట్లోనే పడుకున్నాం.

మర్నాడు చల్లపల్లి మీదుగా బందరు. మచిలీపట్నం అని బోర్డుల మీద, బందరు అని మన నోళ్ళలో. 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ ఇక్కడికే వచ్చింది, వాళ్ళకన్నా ముందే డచ్చివాళ్ళు దిగారు. 1864లో ఇక్కడా ఉప్పెన వచ్చింది, ముప్పైవేలమంది పోయారట. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020లో అది వేరే బ్యాంకులో కలిసిపోయినా మా అత్తగారి పింఛను ఇప్పటికీ ‘ఆంధ్రా బ్యాంకు’లోనే పడుతుంది. మంగినపూడిలో ఇసుక కాదు, నల్లమట్టి. కాళ్ళు బురద, నీళ్ళూ బురద రంగే. మడమ దాటి లోతు రావడానికి చాలా నడవాలి. ఆ పిల్ల ముఖం ముడిచింది. నిజం చెబితే నాకూ పెద్దగా నచ్చలేదు. దగ్గర్లో కొత్త ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఇంకో పదేళ్ళకు వస్తే ఏం కనిపిస్తుందో.

బందరు లడ్డూ దగ్గర మాత్రం ఆ ముడి విప్పింది. శెనగపిండితో పూస వేయించి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, పాకం పట్టి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు, అందుకే తొక్కుడు లడ్డు. “ఇన్నిసార్లు దంచేదానికి ముందే పిండి ఉండాది కదా?” అంది. సమాధానం లేదు. తిన్నాక తనే అడగడం మానేసింది.

చివరాఖరికి పెడన. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు అద్దితే నలుపు, పటిక అద్ది చిరువేరుతో మరగబెడితే ఎరుపు. అచ్చులేసే ఒకామెను, అన్నిటికన్నా కష్టమేదని అడిగాను. ఉతుకు అంది. పారే కాలువలో జాడిస్తేనే అక్కర్లేని రంగు పోతుంది, నిలవ నీళ్ళలో ఉతికితే మరకలు పడతాయి. కాలువ కట్టేసిన నెలల్లో పని నీరసిస్తుంది. నీళ్ళు మంచివైతే ఎరుపు ఎర్రగా తేలుతుందట, ఉప్పు తగిలితే మసకేస్తుందట. ఆ పిల్ల నావైపు చూసి కళ్ళెగరేసింది. తన నాలిక పరీక్ష వీళ్ళు గుడ్డతో చేస్తున్నారు. ఎర్ర తీగల దుప్పటి ఒకటి కొనుక్కుంది. మా అత్తగారు బేరమాడి వంద తగ్గించారు, తర్వాత ఏమనుకున్నారో ఆ వందా ఆమె చేతిలో పెట్టేశారు.

గుడ్లవల్లేరు, గుడివాడ దాటి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. పట్టుబడి కూలీలకు పోయగా మంచినీళ్ళ టిన్ను అడుగంటింది. టిన్నుల ఆటో మళ్ళీ పొద్దున ఏడింటికి. ఇంటి చుట్టూ కనుచూపు మేర నీళ్ళు, గ్లాసెడు తాగే దిక్కులేదు. కొత్త పిల్ల ముందు నాకు తలకొట్టేసినట్టయింది.

ఆ పిల్ల మాత్రం కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. టిన్ను వంచి చూసింది. చెంబుతో కొలిచింది. “మూడు చెంబులుండాయి వదినా. అవ్వకు మాత్రలకు ఒకటి. అన్నం వద్దు, అటుకులు నానేస్తాం, పెరుగుండాది. పొద్దునకి ఒక చెంబు మిగుల్తాది,” అని, ఆ మిగిలే చెంబు మీద మూతపెట్టి, ఎవరూ తీయకుండా దాని మీద మా మసాలా రోలు బండ పెట్టింది.